మొదటి క్లాసు షంషాద్ మేడమ్‌ది

టేప్‌రికార్డర్ మీట నొక్కితే వచ్చే 'టక్' అన్న చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. మొన్న శుక్రవారం మధ్యాహ్నం జమ్మలమడుగులో మా బి.ఎడ్. కాలేజీ మూడో గదిలో రజియా అనే విద్యార్థిని సంచిలోంచి ఒక పాత టేప్‌రికార్డర్ తీసి బల్ల మీద పెట్టింది. అలవాటు లేని వేలితో ఊరికే దాని మీట నొక్కింది. టక్. అంతే. పాటా రాలేదు, మాటా రాలేదు. లోపలి రబ్బరు బెల్టు ఎప్పుడో సాగిపోయిందట. ఆ ఒక్క చప్పుడుకే నేను బోర్డు మీద రాస్తున్న వాక్యం సగంలో ఆపేశాను. మిగతా సగం ఏమిటో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మా కాలేజీలో ఈ సంవత్సరమే 'విద్యలో సాంకేతికత' అనే కోర్సు మొదలయింది. చెప్పే పని నాది. ఇంట్లో ఎవరైనా ఏదైనా నేర్చుకోవడానికో, ఒకరికొకరు చెప్పుకోవడానికో వాడిన పాత యంత్రం ఉంటే తీసుకురమ్మని పిల్లలకు చెప్పాను. ఒకబ్బాయి రేడియో తెచ్చాడు, ఒకమ్మాయి వాళ్ళ పెదనాన్న టైపు మిషన్‌ను ఆటోలో వేసుకొచ్చింది. రజియాది ఎర్రగుంట్ల. ఆమె తెచ్చింది వాళ్ళ నాయనమ్మ టేప్‌రికార్డర్. లోపల ఒక క్యాసెట్ కూడా ఉంది. ప్రొద్దుటూరులో ఇలాంటివి బాగుచేసే ఆయన ఒకడు మిగిలే ఉన్నాడని, సోమవారానికి పలికించి తెస్తానని చెప్పి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

కోర్సు మొదలై అప్పటికి పది రోజులు. ఆ పది రోజుల్లో మొదటి యూనిట్ మాత్రం ముట్టుకోలేదు. ప్రిన్సిపాల్ గారు రిజిస్టరు తిరగేసి, "ఏం మేడమ్, ఫస్ట్ యూనిట్ ఇడిసిపెట్టి సెకండ్‌కు పోయినారే?" అని అడిగారు. "అది చెప్పడానికి వేరే వాళ్ళు రావాలి సార్" అన్నాను. గెస్ట్ లెక్చర్ అనుకుని ఆయన సంతోషంగా తల ఊపారు. రావలసిన మనిషి పోయి రెండేళ్ళయిందని ఆయనకు చెప్పలేదు.

ఆమె పేరు షంషాద్ బేగం. ప్రొద్దుటూరులో నేను బి.ఎడ్. చదివేటప్పుడు మాకు బోధనోపకరణాల పేపరు చెప్పేవారు. మనిషి సన్నం, నడక వేగం. గడియారం కుడిచేతికి పెట్టుకునేవారు, ఎడమచేత్తో రాసేవారు. వాళ్ళ నాన్న బంగారు నగల పనివాడు. ఆయనలాగే ఏ వస్తువునైనా కంటి దగ్గరికి తెచ్చి, తిప్పి తిప్పి చూసి గానీ మాట్లాడేవారు కాదు. నేను పులివెందుల పక్క పల్లెలో రైతు ఇంట్లో పుట్టినదాన్ని. మా నాన్న మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ నోరు తెరవరు. ఆ జబ్బు నాకూ అంటింది. నేను మాట్లాడితే చాలు, ఎదుటివాళ్ళకు చేరినట్టే అనుకునే రకం. వక్తృత్వపు పోటీల్లో గెలిచిన కప్పులు ఇంటి నిండా ఉండేవి, అది చాలదన్నట్టు వాటిలో ఒకదాన్ని హాస్టలుకు కూడా మోసుకొచ్చాను.

మొదటి రోజు ఆమె మమ్మల్ని యంత్రాల గదిలోకి తీసుకెళ్ళారు. ప్రొజెక్టరు మీద ముఖమల్ గుడ్డ, కంప్యూటర్ల మీద పూల అంచు ముసుగులు, గోడ మీద 'ముట్టరాదు' అని బోర్డు. ఆ కాలేజీలో మాకంటే వాటికే మర్యాద ఎక్కువ. మేడమ్ ముసుగులన్నీ లాగేసి, ఆ గుడ్డలతోనే బల్లలు తుడిచి, మూలన పడేశారు. "దుమ్ము పడితే తుడ్సుకుందాం. చెడిపోతే బాగు చేపిచ్చుకుందాం. ముట్టుకోకుండా పెట్టుకుంటే మాత్రం ఏం చేసుకుంటాం పాపా?" అన్నారు. ఆడపిల్లలందరినీ పాపా అనే పిలిచేవారు. మగపిల్లలను అప్పా అనేవారు. పేర్లు మాత్రం వారం తిరిగేలోగా అందరివీ నోటికి వచ్చేవి.

ఆ గదిలో ఒక వింత ఉండేది. ఎవరం ఏ పాఠం రికార్డు చేసినా, ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేయించేవారు. క్యాంటీన్ నుంచి టీ తెప్పించి, గ్లాసు ఆ కుర్చీ ముందు స్టూలు మీద పెట్టేవారు. "ఎవురికి పోసినావు ఈ టీ? పేరు చెప్పి మొదలుపెట్టు" అనేవారు. మేము నోటికొచ్చిన పేరు చెప్పి, నవ్వు ఆపుకుంటూ పాఠం గడగడా అప్పజెప్పి, చివర్లో ఆ టీ ఎవరు తాగాలా అని కొట్లాడుకునేవాళ్ళం. అందులో ఏదో పరమార్థం ఉంటుందని ఒక్కరం కూడా అనుకోలేదు.

నాకు తెలిసొచ్చింది చాపాడులో. టీచింగ్ ప్రాక్టీసుకు అక్కడి హైస్కూలుకు పంపారు. ఎనిమిదో తరగతికి పెన్నా నది పాఠం. నేను వారం రోజులు కూర్చుని ఇరవై నాలుగు స్లైడ్లు చేశాను. అక్షరాలు గిర్రున తిరుగుతూ వచ్చి పడేవి, నది బొమ్మ మీద బాణాలు పరిగెత్తేవి. మేడమ్ చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. నేను గోడ మీది అక్షరాలను చదువుకుంటూ, నా గొంతు నేనే వింటూ, మంచి ఊపులో ఉన్నాను. తొమ్మిదో స్లైడు మీద ఉన్నట్టుండి పెద్ద చేతి నీడ పడింది. వెనక్కి తిరిగితే మేడమ్ ప్రొజెక్టరు ముందు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉన్నారు.

"గోడకు చెప్తాండావు పాపా. పిల్లోళ్ళు ఈ పక్కన ఉండారు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె గొంతు పెంచలేదు. "మూడో బెంచీలో ఆ చివర కూర్చున్న పాప పేరేంది?" అని అడిగారు. నాకు తెలియదు. "రెండు వారాల్నుంచి వస్తాండావు కదా" అన్నారు. తర్వాత ఆ పాప దగ్గరికి వెళ్ళి, "మీ ఇంట్లో ఎండాకాలం నీళ్ళు యాడ తెస్తారు?" అని అడిగారు. ఆ పిల్ల లేచి, మొదట గొణిగి, తర్వాత ధైర్యం తెచ్చుకుని, ఎండాకాలం ఏటి ఇసుకలో తాను, వాళ్ళమ్మ చెలమ తవ్వే సంగతి చెప్పింది. ఎంత లోతు తవ్వాలి, ఊరిన నీళ్ళు తేటపడే దాకా ఎంతసేపు కూర్చోవాలి, అంతసేపూ అమ్మ ఏం మాటలు చెబుతుంది, అన్నీ చెప్పింది. క్లాసంతా ఆ పిల్ల వైపు తిరిగింది. నేను కూడా తిరిగాను. నా పదిహేను స్లైడ్లు అలాగే మిగిలిపోయాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. ఏడుపులో సిగ్గు కంటే కోపమే ఎక్కువ. మేడమ్ పక్కన వచ్చి కూర్చుని, ఓదార్చకుండా, వాళ్ళ వీధి సంగతి ఎత్తుకున్నారు. ఆమె చిన్నప్పుడు ప్రొద్దుటూరులో ఆ వీధిలో ఇంటికొకరు కువైట్‌లో ఉండేవారట. ఫోన్లు లేవు. ఉత్తరం రాయడం చాలామంది ఆడవాళ్ళకు రాదు. షంషాద్ వాళ్ళ మామ కువైట్ నుంచి టేప్‌రికార్డర్ తెచ్చాక, శుక్రవారం మధ్యాహ్నమయితే చాలు, వీధిలోని ఆడవాళ్ళు క్యాసెట్లు పట్టుకుని వాళ్ళింటికి వచ్చేవారు. మాటలు నింపి, ఊరి నుంచి ఎవరైనా వెళుతుంటే వాళ్ళతో పంపేవారు. మీటలు నొక్కే పని పన్నెండేళ్ళ షంషాద్‌ది.

"మిషన్ ముందర కూర్చుంటే చాలు, మా అక్కలంతా కొయ్యబారిపోతాండ్రి. 'ఈడ అందరం క్షేమం, ఆడ మీరు క్షేమమని తలుస్తాండాము' అని ఉత్తరం చదివినట్ల చదువుతాండ్రి. ఒక అక్క అట్లనే వాళ్ళాయనకు క్యాసెట్ అంతా నింపి పంపిచ్చింది. ఆయప్ప ఆడ్నుంచి వాపసు ఏం నింపి పంపిచ్చినాడో తెలుసునా? 'క్యాసెట్ వచ్చింది. దాంట్లో నువ్వు యాడుండావు?' అని. ఆ యక్క మా ఇంట్లో కూర్చోని శానా ఏడ్సింది."

"మరి మీరేం చేసినారు మేడమ్?"

"నేనేం చేస్తా, చిన్నపిల్లను. మిషన్ మీద తువ్వాల కప్పినా. ఎదురుగ్గా కుర్చీ ఏసినా. ఆయప్పకు టీ అంటే ప్రాణమంట, ఒక గ్లాసు టీ పోసి ఆడ పెట్టినా. 'మాట్లాడక్కా, ఎదురుగ్గా ఉండాడు' అన్న్యా. ఆ పొద్దు ఆ యక్క రెండు పక్కలా నింపింది. మేకపిల్ల కాలు ఇరిగిన సంగతి కూడా చెప్పింది." నావైపు తిరిగి, "నీ స్లైడ్లు బాగుండాయి పాపా. దాంట్లో నువ్వు యాడుండావు, ఆ పిల్ల యాడుంది, అది చూసుకో. నాకు తెలిసిన టెక్నాలజీ అంతే" అన్నారు. బస్టాండులో దిగాక నాకు చెరుకురసం ఇప్పించారు. ఏడ్చి ఉన్నానని బండివాడికి తెలియకుండా నాకూ వాడికీ మధ్య నిలబడ్డారు.

ఆమెకు ఒకే ఒక కోరిక ఉండేది. ఈ యంత్రాల సంగతి ఏదో పేపర్లో నాలుగో ప్రశ్నగా కాకుండా, విడిగా ఒక కోర్సుగా ఉండాలని. పొడుగు నోటుబుక్కులో పాఠ్యప్రణాళిక అంతా ఎడమచేత్తో రాసి పెట్టుకున్నారు. ఏటా జూన్‌లో దాన్ని తీసుకుని యాజమాన్యం గదికి వెళ్ళేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. "కంప్యూటర్లు కొనిచ్చినాం కదమ్మా, మళ్ళ కోర్సు ఏమిటికి?" అని అడిగాడు కాలేజీ యజమాని. "పొయ్యి కొంటే వంట వచ్చేస్తాదా సార్?" అన్నారీమె. ఆయన నవ్వాడు గానీ సంతకం పెట్టలేదు. బయటికొచ్చి నోటుబుక్కును చంకలో సర్దుకుంటూ, "ఎప్పుడన్నా రాకుండా పోతుందా? యాడొచ్చినా సరే, మొదటి క్లాసు మాత్రం నాది. ఎవురికీ ఇయ్యను, నీకు కూడా" అన్నారు. ఆ మాట నేను తమాషాగా తీసుకోలేదు. అలాగే మేడమ్ అని మాట ఇచ్చాను.

తర్వాత నాకు జమ్మలమడుగులో ఉద్యోగం వచ్చింది. ఆమె రిటైరయ్యారు. నెలకో రెండు నెలలకో ప్రొద్దుటూరు వెళ్ళి, వాళ్ళ చెల్లెలింటి వరండాలో కూర్చుని, టీ తాగి వచ్చేదాన్ని. ఫోన్లలో పాఠాలు చెప్పాల్సి వచ్చిన ఆ రెండేళ్ళూ నేను చేసిన ప్రతి వీడియో ఆమె చూసేవారు. చూసి ఒకే మాట మెసేజ్ పెట్టేవారు: 'ఎవరికి?' ఆ ప్రశ్నకు జవాబు లేని వీడియోలు నేను తీసేసేదాన్ని. మొదట్లో చాలా తీసేయాల్సి వచ్చింది.

అప్పుడే ఆమె గొంతు జీరబోవడం మొదలైంది. ఇన్నేళ్ళ సుద్దపొడి అనుకున్నాం. కాదు, క్యాన్సరని వేలూరు ఆసుపత్రిలో తేలింది. ఒక సోమవారం పొద్దున ఫోన్ చేశారు. గొంతు గరగరలాడుతోంది. "పాపా, ఆపరేషన్ చేస్తారంట. చేసినాక మాట రాదంట. కోర్సు ఎప్పుడొస్తాదో ఏమో, మొదటి క్లాసు ఇప్పుడే చెప్పి పెడతా. వచ్చి రికార్డు చేసుకో."

ఇక్కడ నేను చేసిన పనిని ఎన్నిసార్లు తలుచుకున్నా నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. బస్సెక్కితే ఎంతసేపు? కానీ నేను ఈ విద్యలో ఆరితేరినదాన్ని కదా. వాళ్ళ వరండా ముందు ఎప్పుడూ లారీల మోత. ఆమె గొంతా, అంత సన్నగా అయిపోయింది. ఫోన్‌లో సరిగ్గా పడదనుకున్నాను. చొక్కాకు తగిలించే మంచి మైకు ఒకటి తెప్పించుకుంటే ఊపిరి కూడా స్పష్టంగా వినిపిస్తుందనుకున్నాను. "ఆదివారం వస్తాను మేడమ్, మంచి మైకు తెస్తాను" అన్నాను. "సరేలే పాపా, నీకు తెలుసు కదా" అన్నారు. ఆమె గొంతు నేను విన్నది అదే ఆఖరు.

మైకు శనివారం వచ్చింది. ఆదివారం పొద్దున్నే వెళితే ఇంటికి తాళం. ఆసుపత్రిలో మంచం ముందే ఖాళీ అయిందని కబురొస్తే గురువారమే వేలూరు వెళ్ళిపోయారని పక్కింటామె చెప్పింది. ఆ వరండా మెట్ల మీద కూర్చున్నాను. సంచిలో మైకు అట్టపెట్టె ఇంకా విప్పలేదు. వీధిలో లారీలు పోతూనే ఉన్నాయి. ఆ మోత లేని రికార్డింగు కోసం ఆ మనిషి గొంతునే పోగొట్టుకున్నాను.

నెల తర్వాత వెళితే మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మెడకు కట్టు, ఒళ్ళో పలక. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తూ, ఏం చెప్పాలో తెలియక, మైకు తీసి చూపించాను. పిచ్చిదాన్ని, ఎందుకు చూపించానో. ఆమె దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని, నగ చూసినట్టు తిప్పి తిప్పి చూసి, నవ్వారు. చప్పుడు లేని నవ్వు. పలక మీద ఎడమచేత్తో 'శానా బాగుంది' అని రాశారు. నేను ఇంకా ఏడుస్తుంటే, అది తుడిచి 'టీ తాగు' అని రాశారు. తాగాను. ఆ పొడుగు నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. ఆ మరుసటి ఏడాది వేసవిలో పోయారు. ఆమె ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. మాట ఒక్కటీ లేదు. అందరికీ రికార్డు చేయడం నేర్పే నా దగ్గర ఆమె గొంతు లేదు.

అందుకే ఈ కోర్సు మంజూరైందన్న రోజు కాలేజీలో స్వీట్లు పంచుతుంటే నేను ల్యాబులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఆమె రాసిన పాఠ్యప్రణాళికలోంచే సగానికి పైగా తీసుకున్నాం. మొదటి పేజీలో 'యూనిట్ ఒకటి: ఎవరికి?' అని ఉంది, కింద మరేమీ లేదు. మిగతా అన్నిటికీ వివరాలు రాసిన మనిషి దానికి ఒక్క అక్షరం రాయలేదు. తానే చెబుతారు కదా, రాయడం దేనికని. ఆ ఖాళీని నా మాటలతో నింపడానికి నాకు మనసు రాలేదు.

సోమవారం రజియా వచ్చింది. టేప్‌రికార్డర్ బల్ల మీద పెట్టి, "బెల్టు మార్చినాడు మేడమ్, పలుకుతాంది. నేను కూడా ఇంకా వినలేదు, అందరం కలిసి విందామని" అంది. వాళ్ళ తాత కువైట్‌లో పద్నాలుగేళ్ళు పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు భార్య పంపిన క్యాసెట్లన్నీ పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడట. చివరికి మిగిలింది ఇదొక్కటేనట. "అప్పుడు మావాళ్ళు ప్రొద్దుటూరులోనే ఉండిరి. ఎర్రగుంట్లకు తర్వాత వచ్చినాం" అంది. ఏ వీధి అని అడిగే లోపలే ఆ పిల్ల మీట నొక్కేసింది.

టక్. ముందు వాన పడుతున్నట్టు బరబర. ఎక్కడో కోడి అరిచింది. కుర్చీని నేల మీద ఈడ్చిన చప్పుడు. గాజుగ్లాసు దేని మీదో పెట్టిన చప్పుడు. తర్వాత ఒక చిన్నపిల్ల గొంతు, కాస్త పెద్దరికం తెచ్చిపెట్టుకుని:

"మాట్లాడక్కా. ఎదురుగ్గా ఉండాడు."

ఆ వెంటనే ఎవరో ఆడమనిషి ఊపిరి తీసుకున్న అలికిడి. తర్వాత, "ఏమయ్యా, తిన్న్యావా? మన మేకపిల్ల కాలు ఇరిగిందిలే..." అని మొదలుపెట్టింది. మా క్లాసులో ముప్ఫై మంది ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. రజియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నాయనమ్మ గొంతు వింటోంది. నేను లేచి, క్యాసెట్ ఆపించి, మొదటికి తిప్పించాను. సంచిలోంచి ఫోన్ తీసి రికార్డింగు నొక్కి టేప్‌రికార్డర్ పక్కన పెట్టాను. బీరువాలో మైకు ఉంది, గుర్తొచ్చింది. వెళ్ళలేదు. పైన ఫ్యాను కిర్రుమంటూనే ఉంది, బయట రోడ్డు మీద లారీ ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది, అన్నీ అందులో పడ్డాయి. పడనీ అనుకున్నాను.

రెండోసారి విన్నాక రజియా నావైపు చూసింది. "మేడమ్, మొదట మాట్లాడిన పాప ఎవరు? మీరెందుకు ఏడుస్తాండారు?"

నేను కళ్ళు తుడుచుకుని, గది మూలనున్న కుర్చీని ఎత్తి తెచ్చి వాళ్ళందరి ముందు వేశాను. క్యాంటీన్ నుంచి ఒక టీ తెమ్మని పంపించాను. రిజిస్టరు తెరిచి, ఇన్ని రోజులుగా ఖాళీగా ఉన్న మొదటి యూనిట్ గడిలో ఆ రోజు తేదీ వేశాను. పాఠం చెప్పినవారి పేరు రాయాల్సిన చోట షంషాద్ బేగం అని రాశాను.

"మన కోర్సుకు మొదటి క్లాసు ఆమెదే అమ్మా" అన్నాను. "ఇప్పుడే చెప్పి వెళ్ళారు."